గదికో భయం, గదికో జాగ్రత్త

రేడియాలజీలో కొత్తగా చేరిన టెక్నీషియన్లలో కొందరు ఎక్స్‌రే గది గుమ్మం దాటాలంటేనే జంకుతారు. ఇంకొందరు ఒంటికి తగిలిన డోసు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీని లాకర్లో పడేసి తిరుగుతారు. మెషీన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ జంకూ ఉండదు, ఈ నిర్లక్ష్యమూ ఉండదు.

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టి భార్య చేతిని ఫొటో తీస్తే ఎముకలు, వేలి ఉంగరం కనబడ్డాయి. కండను సులువుగా దాటే కిరణాలను ఎముక చాలావరకు ఆపేస్తుంది. వాటితో వచ్చే ముప్పు అప్పటికి తెలీదు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ట్యూబులను తన చేతుల మీదే పరీక్షిస్తూ పోయాడు. చివరికి చేతులు తీసేయాల్సి వచ్చింది. 1904లో క్యాన్సర్‌తో చనిపోయాడు.

అయినా ఖాళీ గదికి భయపడక్కర్లేదు. ఎక్స్‌పోజర్ ముగిసిన క్షణమే కిరణాలు ఆగిపోతాయి. గోడల్లో, దుప్పట్లలో ఏమీ మిగలదు. వార్డులో పోర్టబుల్ మెషీన్‌తో ఎక్స్‌రే తీసేటప్పుడు మాత్రం స్విచ్ వైరు సాగినంత దూరం వెళ్లి నిలబడండి. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకి పడిపోతుంది. బ్యాడ్జీ ఛాతీ దగ్గర, లెడ్ ఏప్రన్ లోపల పెట్టుకోండి. ఏప్రన్‌ని మడతపెట్టకుండా హ్యాంగర్‌కి తగిలించండి. మడతల దగ్గర లోపలి పొర పగులుతుంది.

సీటీ కూడా ఎక్స్‌రేనే. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన స్కానర్ ఒక రోగి తలను అనేక కోణాల్లో కొలిస్తే, కంప్యూటర్ ఆ లెక్కల్ని పొరల బొమ్మగా మార్చింది. ఛాతీ సీటీ డోసు మామూలు ఛాతీ ఎక్స్‌రేకి పదుల రెట్లు. టేబుల్ ఎక్కించే ముందే ఆడవాళ్లను గర్భం సంగతి అడగండి.

ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు. ఒంట్లోని హైడ్రోజన్‌ని అయస్కాంతం ఒక దిక్కుకి తిప్పితే, రేడియో తరంగం దాన్ని కదుపుతుంది. అది మళ్లీ సర్దుకుంటూ పంపే సంకేతమే బొమ్మవుతుంది. ఆ అయస్కాంతం బలం 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లు. స్కాన్ అయిపోయినా, రాత్రి లైట్లు ఆర్పేసినా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. ‘ఇప్పుడు స్కాన్ లేదుగా’ అని ఎవరైనా ఇనప ఆక్సిజన్ సిలిండర్ తోసుకొస్తే, అది చేతుల్లోంచి లేచి మెషీన్‌లోకి దూసుకుపోతుంది. ఎక్స్‌రే గదిలో వచ్చిన ధైర్యాన్ని ఆ తలుపు బయటే వదిలేయండి. జేబులోని తాళాలు కూడా.