మాంసం ఉడికిందో లేదో చెప్పేది రంగు కాదు, ఉష్ణోగ్రత

డాబా మీద బొగ్గులు రాజేసి కోడి ముక్కలు కాల్చుకోవడం ఇప్పుడు చాలా ఇళ్లలో సెలవు రోజు సరదా. పైభాగం ఎర్రగా కాలి, అంచులు కాస్త నల్లబడి, మసాలా వాసన గుప్పుమంటే ముక్క ఉడికిపోయిందనే అనుకుంటాం. తీరా కొరికితే ఎముక దగ్గర పచ్చిగా తగులుతుంది. వేడి మాంసంలోకి ప్రయాణించే తీరు తెలిస్తే ఇలా ఎందుకు జరుగుతుందో, ఎలా నివారించాలో అర్థమవుతుంది.

వేడి లోపలికి ఎలా వెళ్తుంది?

నిప్పుల వేడి మొదట ముక్క పైభాగాన్ని తాకుతుంది. అక్కడి తేమ త్వరగా ఆవిరై, ఉష్ణోగ్రత 140 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి గోధుమ రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామిల్ మెయిలార్డ్ 1912లో వివరించిన ఈ చర్యను ఆయన పేరుతోనే మెయిలార్డ్ చర్య అంటారు.

లోపలి సంగతి వేరు. పచ్చి మాంసంలో దాదాపు మూడు వంతులు నీరే. దాని గుండా వేడి నెమ్మదిగా పాకుతుంది. ముక్క మందం రెట్టింపైతే నడిమధ్య భాగం వేడెక్కడానికి దాదాపు నాలుగు రెట్ల సమయం పడుతుంది. అందుకే భగభగమండే నిప్పుల మీద సన్నని ముక్క చక్కగా కాలుతుంది, లావుపాటి కోడి కాలు మాత్రం పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. అరకు ప్రాంతపు బొంగులో చికెన్‌కు ఈ చిక్కు తక్కువ. పచ్చి వెదురులోని తేమ ఆవిరై, లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ముక్కలు మాడకుండా నిదానంగా ఉడుకుతాయి.

ఎంత వేడి కావాలి?

పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా ఉండవచ్చు. ఇవి విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి తెస్తాయి. పసిపిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు ముప్పు ఎక్కువ. ఇవి నశించడం ఉష్ణోగ్రతతో పాటు సమయం మీదా ఆధారపడుతుంది. ముక్క మధ్యభాగం 60 డిగ్రీల దగ్గర ఉంటే దాదాపు అరగంట పడుతుంది. 65 దాటితే కొద్ది నిమిషాలు చాలు. 74 డిగ్రీల వద్ద క్షణాల్లోనే పని పూర్తవుతుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ కోడిమాంసానికి 74 డిగ్రీలను సూచిస్తుంది. మటన్ ముక్కలకు 63 డిగ్రీలు, దించాక 3 నిమిషాల విరామం చాలు. ఖీమాకు మాత్రం 71 కావాలి.

ఒకే మాంసానికి ఈ తేడా ఎందుకు? కోసిన ముక్కకు బాక్టీరియా ఎక్కువగా పైభాగానే ఉంటుంది. ఖీమా కొట్టినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. కాబట్టి మటన్ చాప్ కన్నా షీక్ కబాబ్ విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం.

రంగును ఎందుకు నమ్మకూడదు?

మాంసానికి ఎరుపునిచ్చేది మయోగ్లోబిన్ అనే ప్రోటీన్. వేడికి ఇది గోధుమ రంగుకు మారుతుంది. కానీ ఎంత వేడికి మారుతుందనేది అన్ని మాంసాల్లో ఒకేలా ఉండదు. ఒక్కోసారి ఖీమా సురక్షిత ఉష్ణోగ్రతకు చేరకముందే గోధుమ రంగులోకి వస్తుంది. దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మయోగ్లోబిన్‌తో కలిస్తే, పూర్తిగా ఉడికిన మాంసం అంచున కూడా గులాబీ రంగు నిలిచిపోతుంది. లేత బ్రాయిలర్ కోళ్ల ఎముకల మూలుగలోని రంగు బయటికి ఊరి, ఉడికిన ముక్క కూడా ఎముక దగ్గర ఎర్రగా కనిపించవచ్చు.

థర్మామీటరు వాడే పద్ధతి

మాంసంలో గుచ్చడానికి మొనదేలిన కడ్డీ ఉన్న వంట థర్మామీటరు కావాలి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. దాని కొలత 42 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. దూరం నుంచి గురిపెట్టే తుపాకీ రకం పైభాగపు వేడినే చూపుతుంది. కడ్డీ మొనను అన్నిటికన్నా లావు ముక్క నడిమధ్యకు, ఎముకకు తగలకుండా దించాలి. గుచ్చిన ప్రతిసారీ మొనను సబ్బునీటితో కడగాలి. లేకపోతే పచ్చి ముక్కలోని బాక్టీరియాను ఉడికినదానిలోకి మనమే చేర్చినట్లవుతుంది.

థర్మామీటరు సరిగ్గా చూపుతోందా? మంచు ముక్కలు నిండిన నీటిలో అది 0 చూపాలి. మరిగే నీటిలో విశాఖ తీరాన 100, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో సుమారు 98 చూపాలి.

పొగ మీద వండేటప్పుడు

పెద్ద మాంసపు ముక్కను 105 నుంచి 120 డిగ్రీల పొగలో గంటల తరబడి వండితే, గట్టి కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది. మాంసం మెత్తబడుతుంది. ఈ వంటలో ఉష్ణోగ్రత 65-75 డిగ్రీల మధ్య ఎక్కడో ఆగి, గంటలపాటు కదలకపోవచ్చు. నిప్పు చాలలేదని బొగ్గులు కుమ్మరించనక్కర్లేదు. కొత్తకుండలో నీరు చల్లబడేది ఎందుకో ఇదీ అందుకే. పైభాగం నుంచి ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. పైభాగం ఆరాక ఉష్ణోగ్రత మళ్లీ పెరుగుతుంది. తొందరైతే ముక్కను అల్యూమినియం రేకులో చుట్టవచ్చు.

4 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మాంసాన్ని ఫ్రిజ్ బయట 2 గంటలకు మించి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటే మన ఎండల్లో ఆ గడువు గంటే.

పొగతో జాగ్రత్త

బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. వాన పడుతోందని కూడా కుంపటిని ఇంట్లోకి తేకూడదు. కొవ్వు నిప్పుల మీద కారినప్పుడు లేచే పొగలో బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు ఉంటాయి. బొగ్గులను ఒక పక్కకు జరిపి, మాంసాన్ని రెండో పక్కన మూతపెట్టి ఉడికించి, చివర్లో మాత్రమే నిప్పుల పైకి తెస్తే ఈ పొగా తగ్గుతుంది, లోపలి భాగమూ బాగా ఉడుకుతుంది. మాడిన భాగాన్ని కోసి పారేయాలి.

థర్మామీటరు లేని రోజున మాంసాన్ని సన్నగా కోయండి. లేదా ముక్కలను ముందు పొయ్యి మీద పూర్తిగా ఉడికించి, ఆలస్యం చేయకుండా నిప్పుల మీదికి మార్చండి. అప్పుడు నిప్పులు ఇవ్వాల్సింది రుచి ఒక్కటే.