కపిలనుండి బోరుబావివఱకు: నీటి లెక్క

అనంతపురపు మెట్టభూములయందు సాలుసరి వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, అనఁగా 22 అంగుళములు మాత్రమే. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించుచున్నవి. ఈశాన్యపు వానలు చాలవఱకు తూర్పుతీరముననే కురిసి, మనకడకు వచ్చుసరికి సన్నగిల్లుచున్నవి. 2022వ సంవత్సరమున ఈ మండలము రెండు జిల్లాలుగా విడివడినను, రెంటికిని కరవు ఒక్కటియే. ఇట్టి సీమలో నీరు తోడు సాధనములు ఎట్లు మాఱెనో, అందువలన లాభమేమో, నష్టమేమో ఈ పాఠమున విచారింతము.

1. కపిల

పూర్వులు వాననీటిని మొదట చెఱువులలో నిలిపిరి. అనంతపురపు చెఱువు, బుక్కపట్టణపు చెఱువు విజయనగర రాజుల కాలమునాఁటివి. చెఱువునీరు అందనిచోట బావి త్రవ్వి కపిలతోఁ దోడిరి. ఎద్దులజత యేటవాలు బాటలో దిగునపుడు మోకు లాగఁబడి, తోలుసంచి పైకి వచ్చి నీటిని కాలువలో కుమ్మరించును. ఎద్దులు అలసినచో తోడుట ఆగును. రాత్రి బావిలో మరల నీరూరును. కావున కపిల నీరు తోడు సాధనము మాత్రమే కాదు, బావికి విశ్రాంతి నిచ్చు నియమము కూడ నయ్యెను.

2. యంత్రము

20వ శతాబ్దారంభమున మదరాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు నూనెయంత్రములతో నీరు తోడు పద్ధతిని ప్రచారము చేసెను. పిదప విద్యుచ్ఛక్తి వచ్చెను. అయినను గట్టున నుంచిన పంపునకు ఒక హద్దు కలదు. పంపు గొట్టములోని గాలియొత్తిడిని తగ్గింపఁగా, వెలుపలి గాలి బరువే నీటిని పైకి నెట్టును. ఆ బరువు 34 అడుగులకు మించి నీటిని ఎత్తఁజాలదు. ఆచరణమున 25 అడుగులు దక్కుటయే కష్టము. అందుచేతనే నీరు దిగినకొలఁది పంపును బావిలోనికి దింపుకొనవలసివచ్చెను.

నీట మునిగియుండు మోటారు ఈ హద్దును తొలఁగించెను. అది అడుగుననే యుండి నీటిని పైకి నెట్టును గాన, వందలకొలఁది అడుగుల లోతునుండియు తోడఁగలదు. గాలియొత్తిడితో రాతిని తొలుచు యంత్రములును వచ్చెను. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు లభించెను. ఎద్దుల యలసట, గాలి బరువు, కరెంటు బిల్లు అను మూఁడు హద్దులును ఇట్లు తొలఁగినవి. కాని భూమిలోని నీరు మాత్రము పెరుగలేదు.

మన నేల క్రింద చాలచోట్ల నున్నది గట్టిరాయి. పైనున్న మెత్తబడిన పొరలోను, క్రింది పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. లోతునకు పోవుకొలఁది పగుళ్లు అరుదగును. కాఁబట్టి లోతుబోరు తఱచుగా క్రొత్తనీటిని కనుఁగొనదు. పొరుగు బావినీటినే తనవైపు త్రిప్పుకొనును. అది చూచి పొరుగువాఁడు ఇంకను లోతుగా తొలిపించును. తుదకు ఇరువురికిని మిగులునది అప్పు.

3. లెక్క

ఎకరము నేలపై 550 మిల్లీమీటర్ల వాన కురిసిన, అది సుమారు 22 లక్షల లీటర్లు. అందు పదింట నొకపాలు భూగర్భమునకు ఇంకినదనుకొన్నచో, 2 లక్షల 20 వేల లీటర్లు. ఎకరము వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు, అనఁగా 48 లక్షల లీటర్లు కావలయును. అందు సగము మరల భూమిలో ఇంకినను, 24 లక్షలు ఖర్చగును. అనఁగా ఒక ఎకరము బావిక్రింది వరి, 11 ఎకరములపై ఇంకిన వాననీటిని త్రాగివేయుచున్నది! ఆ పదునొకండెకరములు ఒక్క రైతువి కావు గదా. వేరుసెనగకైనచో సుమారు 500 మిల్లీమీటర్లు చాలును. వానకాలమున అందు చాలభాగము ఆకాశమే యిచ్చును. వాన తప్పినపుడు ఒకటి రెండు తడులు పంటను కాపాడును.

బిందుసేద్యము నీటిని ఆదా చేయును. కాని ఆదా చేసిన నీటితో మఱి రెండెకరములు సాగుచేసినచో బావికి మిగులునదేమి?

4. రానున్న కాలము

మేఘములపై మందుచల్లి వాన కురిపించు ప్రయత్నమును మన సీమలో చేసి చూచిరి. అయితే మేఘమే లేనిచో ఆ విద్య పనిచేయదు. హంద్రీ-నీవా కాలువద్వారా 2012లో కృష్ణానీరు జీడిపల్లికి చేరినది. అదియు అన్ని మెట్టలకు అందునది కాదు. ప్రతి బోరులోని నీటిమట్టమును విత్తుటకు ముందే గ్రామస్థులందఱి ఫోనులకు తెలుపు కొలమానిని మనము ఊహింపవచ్చును. యంత్రము మట్టమును తెలుపును. దానిని మన్నించి పంటను ఎన్నుకొనవలసినవారము మనమే.

ఇది వట్టి కల కాదు. అనంతపురముతోఁ గూడ ఏడు కరవు జిల్లాలలో నడచిన యొక పథకమున రైతులే వానను, బావులమట్టమును కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి పద్దు వ్రాసికొనిరి.

5. సభ్యులు చేయఁదగినవి

ఒకటి: సంఘమున వానమాపకము నుంచి, పక్షమున కొకమాఱు కొన్ని బావుల మట్టమును కొలిచి పలకపై వ్రాయుఁడు. రెండు: యాసంగికి ముందు సభ కూడి, నీటికి తగిన పంటను నిర్ణయించుకొనుఁడు. మూఁడు: బోరు కలవాఁడు పొరుగు పొలమునకు ప్రాణతడి యీయవలయును, పొరుగువాఁడు క్రొత్తబోరు మానవలయును. పది బోర్ల యప్పు కంటె ఒక గొట్టపువరుస ఖర్చు తక్కువ.

సంఘమున పొదుపుపద్దు చూడక అప్పు నీయము. భూమాతవద్ద మనము తీసికొను అప్పునకును అట్టి పద్దే యుండవలయును.