మట్టి చెప్పెడి జాడ

వానకాలమున చిత్రావతి ఎర్రబారి బాగేపల్లి ప్రక్కగా పారుచుండుట మన పిల్లలు చూచియే యుందురు. ఆ యెరుపు మన చేలమట్టియే. చెరువులును ఆనకట్టలును పట్టి యుంచగా మిగిలిన సన్నని మట్టి పెన్నానది వెంట నెల్లూరుసీమలో బంగాళాఖాతమును చేరును. సముద్రపు అడుగున దొరకిన మట్టిని చూచి, అది ఏ సీమదో చెప్పుట సాధ్యమా? చాలవరకు సాధ్యమే.

రాయి శిథిలమై మన్నగును. రాతిని బట్టియు, శీతోష్ణములను బట్టియు అందలి బంకమట్టి ఖనిజములు వేరగును. దక్కను నల్లరాతినుండి పుట్టిన రేగడిలో స్మెక్టైట్ మెండు. రేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుట దాని గుణమే. వేడిమియు తేమయు గల చోట్ల గ్రానైటు శిథిలమైనచో పింగాణికి వాడెడి కేయొలినైట్ ఏర్పడును. చలిసీమలలో రాయి పొడియగునే గాని లోగుణము అంతగా మారదు; కావున హిమాలయపు మట్టిలో ఇల్లైట్, క్లోరైట్ హెచ్చు. అందుచేతనే బంగాళాఖాతమున గంగా బ్రహ్మపుత్రల మట్టికిని, గోదావరీ కృష్ణల మట్టికిని భేదము తెలియుచున్నది.

ఈ రేణువులు మిల్లీమీటరులో 500వ వంతుకంటె చిన్నవి. ఎక్సురే కిరణములతో వీని పొరల నడుమ దూరమును కొలుతురు. ఇల్లైట్‌నకు అది 10 ఆంగ్‌స్ట్రాములు, కేయొలినైట్‌నకు 7. గ్లైకాల్ ఆవిరి పట్టించినచో స్మెక్టైట్ పొరలు సుమారు 17 వరకు ఉబ్బి తమ్ము తామే పట్టి యిచ్చును.

ఉత్తరధ్రువ సముద్రమున ఈ విద్య మిక్కిలి అక్కరకు వచ్చినది. సైబీరియాలోని పుతోరానా నల్లరాతి పీఠభూమి మట్టిని యెనిసేయి నది కారా సముద్రమునకు చేర్చును. అందు స్మెక్టైట్ హెచ్చు. లీనా నది చేరెడి లాప్టెవ్ సముద్రమున ఇల్లైట్ హెచ్చు. తీరమున లోతు తక్కువైన చోట నీరు గడ్డకట్టునపుడు మంచు ఆ మట్టిని పట్టుకొని, ధ్రువము మీదుగా గ్రీన్‌లాండు వైపు కొనిపోవును. సోవియట్ ప్రభుత్వము కారా సముద్రమున అణు వ్యర్థములను పడవైచెనని 1993లో లోకమునకు వెల్లడియైనపుడు, మంచు ఎచ్చటిది ఎచ్చటికి పోవుచున్నదను ప్రశ్న ప్రాణసమస్య యయ్యెను. మంచుపైని మట్టి ఆ జాడ చెప్పును.

అయినను తొందరపడి తీర్పు చెప్పరాదు. స్మెక్టైట్ మిక్కిలి సన్నని దగుటచే దూరము పోయి దిగును. కావున దాని పాలు పెరిగినంతమాత్రమున మరియొక నది తెచ్చినదే యని నిశ్చయింపరాదు.

తల్లిదండ్రులకు మా మనవి: చేనిమట్టి పిడికెడు గాజుసీసాలో నీట కలిపి పిల్లలచే చూడనిండు. ఇసుక వెంటనే అడుగునకు దిగును; బంకమట్టి మరునాటికిని నీటిని కలకగానే యుంచును. వానకు ముందుగా పోవునది ఈ సన్నని సారమే. చేనిగట్టు విలువ అప్పుడు వేరుగా బోధింప నక్కరలేదు.