బలహీనములగు కోడిపిల్లల సంరక్షణము

పంట చేతికి రాని దినములలో మన గ్రామముల పెక్కిండ్లకు ఆదుకొనునది పెరటికోడి. ఉప్పునకు, నూనెకు, బిడ్డల పుస్తకములకు వలయు చిల్లరసొమ్ము గ్రుడ్లవలనను కోడిపిల్లలవలనను సమకూరుచున్నది. పొదిగించిన గ్రుడ్లలో సగము మురిగిపోయి, తక్కినవాటినుండి పిల్లలు కష్టముమీద వెలువడి తూలుచుండిన, ఆ యింటి యిల్లాలి విచారము చెప్పనలవి గాదు. అట్టి పిల్లలను దక్కించుకొను విధమును సంఘసభ్యులకు ఇందు తెలుపుచున్నాము. బలహీనపు పిల్లకు మొదట కావలసినది వెచ్చదనము, పిదప నీరు, ఆ పిదపనే మేత. ఈ వరుస తప్పినచో బ్రదుకవలసిన పిల్లయు చచ్చును.

మా యనుభవము నొకటి చెప్పెదము. ఒక పుష్యమాసమున 11 గ్రుడ్లను పెట్టక్రింద నుంచితిమి. 20 వ దినపు రాత్రి పిల్లి బెదరించుటచే పెట్ట గూడు విడిచి పోయెను. తెల్లవారునప్పటికి గ్రుడ్లు చల్లబడియుండెను. పెట్టను మరల కూర్చుండబెట్టగా 22 వ దినమున కొన్ని పెంకులు బీటవారినవి. ఆతురపడి మేమొక గ్రుడ్డు పెంకును గోటితో ఒలిచితిమి. పొరనుండి నెత్తురు కారి ఆ పిల్ల కొంతసేపటికే చనిపోయెను. తక్కినవాటిని ముట్టక విడువగా, మఱునాటికి 6 పిల్లలు తమంతట తామే వెలువడినవి. వానిలో 2 నిలువలేకుండెను.

తొందర కూడదు

పెంకు లోపలి పొరయందు సన్నని రక్తనాళములు కలవు. పిల్ల పెంకును పొడిచిన పిమ్మట, ఆ నాళములలోని నెత్తురు దేహమున చేరుటకును, మిగిలిన పచ్చసొన కడుపులోనికి పోవుటకును కొంత కాలము పట్టును. పొడిచినది మొదలు వెలువడువరకు 12 మొదలు 24 గంటలు పట్టుట సహజమే. అంతవరకు చేయి పెట్టరాదు. 24 గంటలు గడచియు పిల్ల కదలలేక, పొర యెండి అంటుకొనియున్నచో, గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో పొరను తడిపి, ముక్కు దగ్గఱ మాత్రము కొంచెము పెంకు తీయవలెను. నీరు ముక్కులోనికి పోరాదు. ఎఱ్ఱని చుక్క కనబడినంతనే ఆపి, గ్రుడ్డును పెట్టక్రింద నుంచవలయును. వెలువడిన పిల్ల బొడ్డునకు వ్రేలాడు తాడును లాగకూడదు; అది తానే యెండి రాలును. బొడ్డునకు టింక్చరు అయొడిను అద్దుట మంచిది.

వెచ్చదనము

పిల్ల తడియారువఱకు తల్లిక్రిందనే యుండవలెను. నిలువలేని పిల్లలను పిదప వేఱొక గంపలో నుంచి, అడుగున ఊక పోసి, పైన గోనెపట్ట పఱచవలెను. గంప కొకవైపున, పిల్లల కందనంత యెత్తున, 60 వాట్ల తీగబల్బును వ్రేలాడగట్టవలెను. నేటి ఎల్.ఇ.డి. దీపము వెలుగు నిచ్చునే గాని చాలినంత వేడి నీయదు. మొదటి వారమున పిల్లలున్నచోట 95 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి కావలెను. తరువాత వారమునకు 5 ఫారన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. ఉష్ణమాపకము లేనివారికి పిల్లలే గుర్తు: దీపముక్రింద గుమిగూడి కూయుచున్నచో చలి యెక్కువ, దూరముగా పోయి నోరు తెఱచి రొప్పుచున్నచో వేడి యెక్కువ, చెదరి నెమ్మదిగా పండుకొనియున్నచో సరిగా నున్నది. కరెంటు పోయినపుడు వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన నుంచవచ్చును. మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టరాదు. దాని పొగ పిల్లలకును మనుష్యులకును ప్రాణాపాయము.

నీరు, మేత

పిల్ల వెచ్చబడి తల యెత్తిన పిమ్మట, కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటిలో ముక్కుకొనను అద్దవలెను. మొదటి దినమున గ్లాసెడు నీటికి చెంచాడు బెల్లపుపొడి కలుపవచ్చును. గొంతులో నీరు పోయరాదు. ఊపిరిగొట్టమున పడిన పిల్ల చచ్చును. నీటిపళ్లెమున గులకరాళ్లు వేసినచో పిల్లలు మునుగవు.

కడుపులోని పచ్చసొన పిల్లకు రెండు దినముల యాహారము. కావున తినలేదని బెంగపడి నోట మేత క్రుక్కరాదు. పిల్ల తానై పొడుచుట మొదలిడినపుడు సన్నని నూకలు, రాగిపిండి, ఉడికించిన గ్రుడ్డుసొన పొడి కొంచెము కొంచెముగా చల్లవలెను. పిదప పిల్లల దాణా పెట్టుట మేలు. వెనుక రెట్ట యంటుకొని గట్టిపడినచో గోరువెచ్చని తడిగుడ్డతో నానబెట్టి తుడువవలెను, పెఱుకరాదు.

కాళ్లు చీలిన పిల్లలు

నున్నని నేలమీదను కాగితముమీదను నడచు పిల్లల కాళ్లు ఇరువైపులకు జాఱును. మొదటి దినములలోనే రెండు కాళ్లకు మెత్తని గుడ్డపీలికను, సహజముగా నిలుచునంత యెడమతో, బిగువు లేక కట్టి, రెండుమూడు దినములు గరుకునేలపై నుంచినచో పెక్కు పిల్లలు నిలుచును.

తల్లి కప్పగించుట

కోడి తొక్కిన పిల్ల చావదని పెద్దల మాట. అది తప్పుకొనగల పిల్లకే చెల్లును. లేవలేని పిల్ల నలిగిపోవును. కావున రెండు కాళ్లమీద పరుగెత్తగలిగిన పిమ్మటనే, రాత్రి చీకటిలో పిల్లను తల్లిక్రింద చేర్చి, ఉదయమున పొడుచుచున్నదేమో చూడవలెను. 5 మొదలు 7 దినముల వయస్సున కొక్కెర తెగులునకు కంటిలో వేయు టీకాచుక్క గూర్చి పశువైద్యశాల నడుగుట మఱువరాదు. బొడ్డు వాచి దుర్వాసనతో పిల్లలు వరుసగా చచ్చుచున్నను అచ్చట తెలుపవలెను.

మరల ఇట్లు జరుగకుండ

వారమునకు మించి నిలువయున్న గ్రుడ్లను పొదుగునకు పెట్టరాదు. వేసవిలో మూడునాలుగు దినములే మేలు. గ్రుడ్డుమీద పెన్సిలుతో తేదీ వ్రాసికొనవలెను. నాటుపెట్టక్రింద 10, 12 గ్రుడ్లు చాలును. వడగాలి దినములలో గూటిచుట్టు నేలను తడిపినచో పొర యెండిపోదు. పెట్టకు పిల్లి, కుక్క, చీమల బాధ లేని మూల నీయవలెను.

మా రెండు పిల్లలలో ఒకటి రెండవనాడు చనిపోయెను. రెండవది నాలుగవనాడు తల్లివెంట నడచెను. అన్నిటిని దక్కించుట ఎవరి తరమును గాదు. కాని మన తొందరచే చచ్చు పిల్లను కాపాడుట మన చేతిలోనే కలదు. సభ్యులీ వరుసను ఇంటిలోని స్త్రీలకును చదివి వినిపింతురుగాక యని మా మనవి.