ఊరి నడుమ ఖాళీ స్థలం

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు సున్నపురాతి నేల. ఆ రాయి లభించినందువల్లనే అక్కడ సిమెంటు పరిశ్రమ స్థిరపడింది. దానితోపాటు ఉద్యోగాలు వచ్చాయి, లారీలు వచ్చాయి, దుమ్మూ వచ్చింది. మహాశివరాత్రి నాడు స్వయంభూ శంభులింగేశ్వరస్వామి జాతరకు వేలాది జనం చేరే ఈ ఊరిలో, మిగిలిన రోజుల్లో వృద్ధులు సాయంకాలం కూర్చోవడానికి, పిల్లలు పరుగెత్తడానికి నీడగల చోటు ఎంత ఉన్నదనే ప్రశ్న చిన్నదేమీ కాదు. కోదాడకైనా, మిర్యాలగూడకైనా ఈ ప్రశ్న తప్పదు. జాతర పనులంటే పదిమందీ ముందుకు వస్తారు. పార్కులో కుళాయి చెడిపోతే దానిని బాగుచేయించవలసింది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనాన్ని తీర్చడానికే వీధిసంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు పుట్టాయి.

సంఘం స్థాపించడం కష్టమైన పని కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే ఒక సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా ఆ చట్టాన్నే స్వీకరించింది. కష్టమంతా తరువాత వచ్చే సమావేశాలలో ఉన్నది. పార్కు ద్వారం ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్న దగ్గర చర్చ మొదలవుతుంది. తెల్లవారుజామున నడకకు వచ్చే పెద్దలకు నిశ్శబ్దం కావాలి. బడి విడిచిపెట్టగానే బంతి పట్టుకొని వచ్చే పిల్లలకు మైదానం కావాలి. చీకటి పడిన తరువాత దీపాలు లేని పార్కులోకి స్త్రీలు అడుగుపెట్టరు. నాటిన మొక్కలకు వేసవిలో నీరు ఎవరు పోయాలన్న ప్రశ్న వచ్చేసరికి సభలో సగంమందికి ఇంటిపని గుర్తుకు వస్తుంది. ఇంతలో ఒక మూల ఎవరో ఇల్లు కట్టుకొంటూ ఇసుక పోస్తారు; ఇల్లు పూర్తయినా ఇసుక కదలదు. కొన్నాళ్లకు అక్కడ ఒక రేకుల గది లేస్తుంది.

ఈ గొడవలన్నింటిలోనూ సంఘానికి అక్కరకు వచ్చే వస్తువు ఒకటే: తీర్మానాల పుస్తకం. ఏ తేదీన ఎవరెవరు కూర్చున్నారు, ఏమి నిర్ణయించారు, ఎవరికి అర్జీ పంపారు అన్నది అందులో సంతకాలతో ఉండాలి. అరుగు మీద ఎంత ఆవేశంగా మాట్లాడుకొన్నా, మరునాడు అధికారి ముందు నిలబడేది రాతకోతలే.

రాతకోతలలో మొదటిది లే అవుట్ పటం. పొలాన్ని ఇళ్ల స్థలాలుగా విభజించేటప్పుడు గ్రామపంచాయతీ లే అవుట్లలో 10 శాతం భూమిని సామాజిక అవసరాలకై విడిచి స్థానిక సంస్థకు అప్పగించాలన్నది నియమం. ఆ స్థలం పంచాయతీ అధీనంలో ఉంటుంది కాని, పంచాయతీ దానిని ఇష్టానుసారం ఇతరులకు ధారపోయడానికి వీలులేదు. ప్రజల తరఫున కాపాడవలసిన ధర్మకర్త వంటిది ఆ సంస్థ.

ఈ విషయంలో దేశమంతటికీ దారి చూపినది ఒక కాలనీవాసుల వ్యాజ్యం. బెంగుళూరులోని రాజమహల్ విలాస్ విస్తరణ ప్రాంతంలో పార్కుకై కేటాయించిన ఒక స్థలాన్ని, 1976లో ముఖ్యమంత్రి ఆదేశంపై, ఆసుపత్రి కట్టుకోవడానికి ఒక ప్రైవేటు వైద్య ట్రస్టుకు ఇవ్వడానికి నిర్ణయం జరిగింది. స్థానికులు కర్ణాటక హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఒంటరి న్యాయమూర్తి వారి పిటిషన్ను కొట్టివేయగా, ధర్మాసనం వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. చివరకు 1991లో సుప్రీంకోర్టు కూడా స్థానికుల పక్షమే వహించింది. ఆసుపత్రి సైతం ప్రజలకు ఉపయోగపడేదే కదా అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కాని అందరికీ ఉచితంగా గాలి, వెలుతురు పంచే స్థలానికి ప్రైవేటు ఆసుపత్రి బదులు కాజాలదని న్యాయస్థానం భావించింది. అంతకన్న ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. పార్కు పోతే నష్టపోయేది అక్కడ నివసించేవారు గనుక, దానికై న్యాయస్థానం తలుపు తట్టే అర్హత వారికి ఉన్నదని ఆ తీర్పు గుర్తించింది. నేడు ఏ చిన్న కాలనీ సంఘమైనా పార్కుకోసం నిలబడగలుగుతున్నదంటే ఆ గుర్తింపే అండ.

అయితే పార్కు పొరుగున ఉన్నవారి మాట ప్రతిసారీ న్యాయమే అవుతుందా? హైదరాబాదులోని ఇందిరా పార్కు ఉదంతం ఈ ప్రశ్నను మన ముందుంచింది. 1975లో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేసిన ఆ ఉద్యానవనాన్ని 1978లో ప్రజలకు తెరిచారు. దాని పక్కనున్న రోడ్డు కాలక్రమంలో రాష్ట్రం నలుమూలల నుండి వచ్చే రైతులు, ఉద్యోగులు, కార్మికులు తమ గోడు వినిపించుకొనే ధర్నా చౌక్ అయింది. మైకుల హోరు, నిలిచిపోయే వాహనాలు, చెత్త తమను బాధిస్తున్నాయని చుట్టుపక్కల నివాసులు, పార్కులో నడిచేవారు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులను కారణంగా చూపి 2017లో ప్రభుత్వం అక్కడ ధర్నాలను ఆపివేసి, నగర శివార్లలో వేరే స్థలాలను సూచించింది. 2017 మే 15న ధర్నా చౌక్ కోసం వచ్చిన ఆందోళనకారులకూ, స్థానికులుగా చెప్పుకొన్నవారికీ మధ్య ఘర్షణ జరిగింది. 2018 నవంబరులో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో అక్కడ తిరిగి నిరసనలకు అవకాశం కల్పించింది.

కాలనీవాసుల బాధ కల్పితం కాదు. పరీక్షకు చదువుకొనే పిల్ల కిటికీ మూసుకొన్నా మైకు మోత వినబడుతూనే ఉంటుంది. కాని నల్గొండ నుండి, ఆదిలాబాదు నుండి బస్సెక్కి వచ్చిన రైతు ఏ కాలనీ సంఘంలోనూ సభ్యుడు కాడు. అతని మాట ఆ సమావేశంలో వినబడదు. మైకుకు వేళలు, శబ్దానికి హద్దు, వాహనాలకు మరో దారి అడగడం సంఘానికి ఉన్న హక్కు. నిరసననే ఊరి బయటికి పంపమనడం ఆ హక్కును దాటిపోయిందని నా అభిప్రాయం. లేని మనిషి తరఫున కూడా ఒకరు మాట్లాడే సంఘమే పార్కును సరిగా కాపాడగలదు.

మన పల్లెలకు వస్తే, 2020 నుండి తెలంగాణలో గ్రామగ్రామాన పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. నాటడం ఒక్క ఏడాది పని, పెంచడం ఏళ్ల తరబడి పని. ఆ పనికి చట్టం దారి చూపింది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. పంచాయతీకి ఉండవలసిన నాలుగు స్థాయీ సంఘాలలో ఒకటి మొక్కల పెంపకానిదే. కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో 2019 నాటి పురపాలక చట్టం వార్డుకు నాలుగు కమిటీలను ఏర్పరచింది. వాటిలో ఒకటి యువకులది, మరొకటి మహిళలది. ఆ చట్టమే పురపాలక బడ్జెట్టులో 10 శాతం పచ్చదనానికి కేటాయించమన్నది. ఆ సొమ్ము మన పార్కుకు ఎంత వచ్చింది, లే అవుట్ పటంలో దాని హద్దులు ఏవి అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో సమాధానం రావాలి.