తాత పేరు సైదులు

బడి వదిలాక ఒక తల్లి వచ్చి నా పక్కన కూర్చుంది. అయిదో తరగతి చదివే కొడుకు రెండు రోజులుగా తన ముస్లిం దోస్తు సీసాలో నీళ్లు తాగడం లేదట. ఎందుకురా అంటే "వాళ్లు వేరే" అన్నాడట. "మేమెప్పుడూ అట్లా నేర్పలేదు సార్" అంటూ కళ్లు తుడుచుకుంది.

ఆమె మాట నేను నమ్మాను. బిడ్డకు విషం నేర్పాలని ఏ తల్లీ అనుకోదు. కానీ పిల్లలు మనం చెప్పే మాటల కన్నా మధ్యలో ఆపేసిన మాటలే ఎక్కువ వింటారు. ఫోన్‌లో ఏదో వీడియో చూసి గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. వాడు రాగానే ఊరుకుంటాం. అక్కడేదో భయపడాల్సింది ఉందని వాడికి తెలిసిపోతుంది. ఆ భయానికి ఒక ముఖం వెతుక్కుంటాడు. దగ్గర్లో దొరికేది దోస్తు ముఖమే. నిన్నటిదాకా గోలీలాడిన వాణ్ణి చూసి తల తిప్పుకోవడం ఆ చిన్న గుండెకు ఎంత బరువో మనకు కనబడదు.

"మీ మామగారి పేరేందమ్మా?" అని అడిగాను. "సైదులు" అని చెప్పి, తనే ఆగిపోయింది.

మన నల్గొండ వైపు హిందువుల ఇళ్లల్లో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి ఎంతమందో! జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని కన్న బిడ్డలకు పెట్టుకున్న పేర్లవి. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ దర్గా ఉన్న పాలకవీడు ప్రాంతం సూర్యాపేట జిల్లాలోకి పోయింది కానీ, జనవరి ఉర్సుకు బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు పోతూనే ఉన్నారు, కందూరు మొక్కు తీర్చుకుంటూనే ఉన్నారు. పాలమూరు పల్లెల్లో పీర్ల పండుగ రాత్రి గుండం చుట్టూ ఆడేవాళ్లలో ముస్లింలు కానివాళ్లే ఎక్కువమంది ఉండే ఊళ్లున్నాయి.

ఆ రాత్రి నాయనమ్మ మనవడికి పేరు కథ చెప్పిందట. "అయితే తాత ముస్లిమా?" అన్నాడు వాడు. "కాదురా, మొక్కుకుంటే పుట్టిండు" అని నవ్విందట. వాడు వదల్లేదు. "మరి వాళ్లు మన గుళ్లో ప్రసాదం ఎందుకు తినరు?"

ఇక్కడే మనం తడబడతాం. అన్ని మతాలూ ఒకటేనని చెప్పి పడుకోబెడతాం. నాకా జవాబు నచ్చదు. ఒకటి కాదని పిల్లలకు కనిపిస్తూనే ఉంది. "నాకు తెల్వదు, పొద్దున నీ దోస్తునే అడుగు. ఎగతాళి చేయకుండా అడుగు" అంటే చాలు. నాయనమ్మ అట్లాగే అన్నదట. వాడు అడిగాడు. దోస్తు అన్నాడట: "మేం అల్లాకే మొక్కుతం, ప్రసాదం తినం. చెరువుగట్టు జాతరకైతే వస్తా."

ముస్లిం, క్రైస్తవ ఇళ్ల తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్లవాణ్ణి ఎవరో ఏదో అంటే, "పట్టించుకోకు" అని సర్దిచెబుతారు. గొడవ ఎందుకన్న మీ భయం నాకు తెలుసు. కానీ ఆ మాట వాడిలో అట్లాగే ఉండిపోతుంది. ముందు వాణ్ణి మొత్తం చెప్పనివ్వండి, తర్వాత బడికి రండి. అన్నవాళ్ల ఇంటికి కబురు పెట్టాల్సింది మేము, వాడు కాదు. ఆ కబురు మీ ఇంటికే వస్తే, దయచేసి కోపం తెచ్చుకోకండి. మనందరి ఇళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే అది.

మీ ఇంట్లోనో మీ వాడకట్టులోనో ఒక సైదులో, ఒక సైదమ్మో ఉండే ఉంటారు. ఈ ఆదివారం ఫోన్లు పక్కన పెట్టి, ఆ పేరు ఎట్లా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లతో పిల్లలకు చెప్పించండి.