చదరంగం బల్ల మీద 64 బిట్లు

సీ ల్యాబ్‌లో మనందరికీ ఎదురయ్యే సంఖ్య ఒకటుంది: 18446744073709551615. 64 బిట్ల అన్‌సైన్డ్ ఇంటిజర్‌లో పట్టే అతి పెద్ద విలువ ఇదే. ఇంకొక్కటి కలిపితే మళ్లీ సున్నాకు వచ్చేస్తుంది.

ఇదే సంఖ్య, ఒక్క అంకె తేడా లేకుండా, పాత తెలుగు పద్యంలో ఉంది. రాసింది పావులూరి మల్లన. 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి 'గణితసార సంగ్రహం'ను సంస్కృతం నుంచి తెలుగులోకి తెచ్చిన కవి ఆయనే.

లెక్క మీకు తెలిసిందే. చదరంగంలో మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి 2, మూడో గడికి 4. ఇలా 64 గళ్లకు మొత్తం ఎంత? 2^64 − 1. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మాకు బియ్యంతో చెబితేనే బాగా ఎక్కుతుంది. వెయ్యి గింజలు 20 గ్రాములు అనుకుందాం. 20 గళ్లు నిండేసరికి 10,48,575 గింజలు, అంటే 21 కిలోలు. 25 కిలోల సంచి కూడా నిండదు. 30 గళ్లకు 21 టన్నులు, ఒక పెద్ద లారీ లోడు. 64 గళ్లకు దాదాపు 36,900 కోట్ల టన్నులు! ప్రపంచమంతా ఏటా పండే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. అంటే ఏడు వందల ఏళ్లకు పైగా పంట.

మరి 20 అంకెలను పద్యంలో ఎలా పెట్టాడు? భూతసంఖ్యలతో. చంద్రుడు ఒక్కడే కాబట్టి 1, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు పోవాలి. మన భాషలో చెప్పాలంటే లిటిల్ ఎండియన్! ఈ సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ కొండే, కానీ పేర్లు వేరు: నగం, భూధరం, గిరి. ఎందుకంటే పద్యం చంపకమాల. పాదానికి 21 అక్షరాలు, గణాలు న-జ-భ-జ-జ-జ-ర. ఎక్కడ ఏ తూకం కావాలో అక్కడ ఆ పేరు వేశాడు.

నాకు బాగా నచ్చింది ఇక్కడే. తాటాకు మీద ఎత్తి రాసేటప్పుడు ఒక పదం జారిపోతే గణం తప్పుతుంది, చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది. అంటే ఛందస్సే చెక్‌సమ్. అదే తూకంలో ఇంకో పదం పడితే మాత్రం దొరకదు. పారిటీ బిట్ కూడా రెండు బిట్లు ఒకేసారి మారితే పట్టుకోలేదు కదా!

ఇప్పుడు సంఖ్యను విడగొడదాం. a² − 1 = (a − 1)(a + 1) సూత్రాన్ని ఆరుసార్లు వాడితే:

2^64 − 1 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా నమ్మాడు. చివరిది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చాడు. మిగతా ఐదూ ప్రధానాలే. అంకెల మొత్తం 87, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. పద్యం మొదటి పదం 'శర', అంటే 5. ఆ ఒక్క పదం వింటేనే 5తో పోతుందని చెప్పేయొచ్చు.

నర్సరీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన మాకు తెలుగు ఒక పీరియడ్, మ్యాథ్స్ ఇంకో పీరియడ్. మల్లనకు ఆ గోడ లేదు. మీరూ ఒకసారి దాటి చూడండి: 16 బిట్ల గరిష్ఠ విలువ 65535ను భూతసంఖ్యల్లో రాసి క్లబ్‌కు పంపండి. బాణంతో మొదలుపెట్టాలి. 5 మూడుసార్లు వస్తుంది, కానీ ఒకే పేరు రెండుసార్లు వాడకూడదు!